సైరనమ్మ గొంతు తగ్గించిన ఏడాది

ఆమె అసలు పేరు ఆసుపత్రి హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ ఆమె సైరనమ్మే. నేలమాళిగలో మాసిన బట్టలు ఉతికే విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. అక్కడ నాలుగు పెద్ద యంత్రాలు పొద్దస్తమానం తిరుగుతూ ఉంటాయి. ఆ హోరులో మామూలు మనుషులు చెవి దగ్గరకొచ్చి అరిస్తే గానీ మాట వినపడదు. సైరనమ్మ మాత్రం యంత్రాలు ఆగినప్పుడు కూడా అదే గొంతుతో మాట్లాడేది. కింద ఆమె నోరు తెరిస్తే మూడో అంతస్తులో రోగులు లేచి కూర్చుంటారనీ, మత్తుమందు డాక్టరు ఆమె సెలవు చూసుకుని పెద్ద ఆపరేషన్లు పెట్టుకుంటాడనీ చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వులు చెవిన పడినా ఆమె ఏమీ అనుకునేది కాదు. లోపల్లోపల కాస్త గర్వపడేది కూడా.

గర్వపడడానికి కారణం లేకపోలేదు. ప్రతి వార్డు నుంచీ మాసిన దుప్పట్లు గుడ్డ సంచుల్లో కిందికి వస్తాయి. నడవ చివర సగం తలుపున్న కిటికీ దగ్గర ఆయాలు సంచులు అందిస్తారు, ఎన్ని మాసినవి ఇస్తే అన్ని ఉతికినవి పట్టుకుపోతారు. సంచిలో వేసే ముందు ప్రతి దుప్పటినీ వార్డులోనే దులపాలి. ఎందుకంటే మడతల్లో ఏవేవో దాక్కుని వస్తాయి. చెంచాలు, కత్తెరలు, బ్లేళ్లు, సూదులు. ఒకసారి ఎవరో పెద్దాయన పళ్లసెట్టు కూడా వచ్చింది. దులపమని ప్రతి వార్డు గోడ మీదా పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ రాత చూసి దులిపిన ఆయా ఒక్కతీ లేదు. వాళ్లు దులిపింది సైరనమ్మ నోటికి జడిసి. సంచిలో చెంచా కనిపించినా చాలు, అది చేత్తో పైకెత్తి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, పంపిన ఆయాని ఏడుతరాలతో సహా దులిపేసేది. అలా తొమ్మిదేళ్లుగా ఆ విభాగంలో ఎవరి చేతికీ ఏమీ గుచ్చుకోలేదు.

ఆమె భర్త అచ్చాఫీసులో పుస్తకాలకు అట్టలు కుట్టేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఊపిరితిత్తులు చెడి అదే ఆసుపత్రిలో, మూడో అంతస్తు మగవాళ్ల వార్డులో చేరాడు. ఇక చేయడానికేమీ లేదనీ, ఇంటికి తీసుకెళ్లవచ్చనీ డాక్టరు చెప్పిన రోజున, ఇక్కడే ఉంటానన్నాడు. డాక్టర్లు దగ్గర్లో ఉంటారన్న ధైర్యం కోసమేమో అనుకుని ఆమె అదే అడిగింది.

"అది కాదు," అన్నాడాయన. "ఇక్కడ కాస్త ప్రశాంతంగా ఉంది."

ఆ వార్డులో ముప్పై మంచాలున్నాయి. ఎదురు మంచం మీద మనిషి పగలూ రాత్రీ మూలుగుతూనే ఉన్నాడు. చక్రాల బండ్లు రేకుల మీద దొర్లినట్టు చప్పుడు చేసుకుంటూ తిరుగుతున్నాయి. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, దెప్పిపొడుపు లేదు. టైమెంతయిందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. కోపంగా అని ఉంటే ఆమె దగ్గర వంద జవాబులున్నాయి. నాలుగు రోజులకు ఆయన ఆ ప్రశాంతతలోనే పోయాడు.

ఈ సంగతి ఆమె తను వెళ్లే చర్చి పాస్టరమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పాస్టరమ్మ చిన్నపిల్లల బడిలో టీచరు, ఏ విషయాన్నయినా చేతిపని లాగే చూస్తుంది. తనకు సాత్వికమైన మనసు దయచేయమని ప్రార్థన చేయండమ్మా అని సైరనమ్మ మోకరించబోతే, ఆవిడ జబ్బ పట్టుకుని లేపి బల్ల మీద కూర్చోబెట్టింది.

"ప్రార్థన చేద్దాం. కానీ అది మాత్ర కాదు, వేసుకోగానే దిగడానికి. నలభై ఏళ్ల అలవాటు నీది. రోజంతా చేత్తో ఏం పని చేస్తావు?"

"ఉతికినవి మడతపెడతానమ్మా."

"అయితే ఎవరేమన్నా సరే, ముందు ఒక తువ్వాలు మడతపెట్టు. మడిచినంతసేపూ ప్రభువుని తలుచుకో. ఆ తర్వాత నోట్లో ఏం మిగిలితే అది మాట్లాడు."

మొదటి వారం నోట్లో చాలానే మిగిలింది. ఒక్కో మాటకు రెండు, మూడు తువ్వాళ్లు పట్టేవి. నెల తిరిగేసరికి ఒక్కటి చాలింది. చాలాసార్లు మడత పూర్తయ్యేసరికి చెప్పడానికేమీ ఉండేది కాదు. పాత జవాబులన్నీ ఎక్కడికి పోతున్నాయో ఆమెకే అంతుపట్టలేదు.

కింద విభాగంలో ఇది పెద్ద వినోదమైంది. ఏదన్నా అడగాల్సి వస్తే ముందు ఒక తువ్వాలు ఆమె చేతికిచ్చి, "ఇదిగో, జవాబు కోసం వచ్చాం," అనేవాళ్లు. ఇస్త్రీ రోలర్ల దగ్గర పనిచేసే వాళ్లు సైరన్‌లో బ్యాటరీ అయిపోయిందన్నారు. మొగుడు పోయిన దిగులు, ఆరు నెలల్లో మామూలైపోతుందన్నారు. ఎగతాళి చేయనిది ఒక్క బాలింత మాత్రమే.

ఆ పిల్ల మాసిన బట్టలు వేరుచేసే బల్ల దగ్గర పనిచేసేది. కాన్పు తర్వాత మూడో నెలకే పనిలోకి రావడంతో అందరూ బాలింత అనడం మొదలుపెట్టారు, అదే స్థిరపడిపోయింది. సైరనమ్మను పిన్నీ అని పిలిచేది. రోజూ పదకొండు గంటలకు వాళ్లమ్మ పసిపాపను వెనక గేటు దగ్గరికి తెచ్చేది. బాలింత చేతులు కడుక్కుని పరుగెత్తేది. ఆ ఇరవై నిమిషాలూ ఆ పిల్ల బల్ల దగ్గర సైరనమ్మ నిలబడేది.

మూడో అంతస్తు వార్డులో ఒక ఆయా ఉండేది, ఇన్నేళ్లుగా సైరనమ్మ చేత అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్న మనిషి. సైరనమ్మ వెళ్లే సంఘానికే వచ్చేది, ఆమె పక్కనే ముందు బల్లలో కూర్చునేది. వయసులో నాలుగేళ్లు పెద్ద కాబట్టి సైరనమ్మ ఆమెను అక్కా అనే పిలిచేది, తిట్టేటప్పుడు కూడా. సైరనమ్మ నోరు తగ్గిందని ముందుగా పసిగట్టింది ఆ ఆయానే. దులపడం మానేసింది.

మొదట ఒక చెంచా వచ్చింది. సైరనమ్మ తువ్వాలు మడిచి, కిటికీ దగ్గరికి వెళ్లి, "అక్కా, కాస్త దులిపి పంపండి," అంది. ఆయా ఆమెను కింద నుంచి పైదాకా చూసి, "అలాగేలేమ్మా, నువ్వింత మర్యాదగా అడిగితే కాదంటానా," అంది. వారం తర్వాత మందు సీసా విరిగిన మెడ ఒకటి వచ్చింది. సైరనమ్మ మళ్లీ అదే మాట అదే గొంతుతో చెప్పింది. ఆయా మళ్లీ అలాగేలేమ్మా అంది.

అసలు సంగతేమిటంటే, ఆ గాజుముక్క చేతిలో పట్టుకున్నప్పుడు సైరనమ్మకు తన లోపల ఏమీ మండకపోవడమే ఆశ్చర్యంగా తోచింది. గాజుముక్క కంటే అదే పెద్ద విషయమనిపించింది. ఆ వారం స్త్రీల కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. మునుపటి నేనైతే మెట్ల మీద నిలబడి ఊరంతా వినేలా అరిచేదాన్ని, ప్రభువు నా నాలుకను మార్చాడు అంది. అందరూ స్తోత్రం అన్నారు. ముందు బల్లలోంచి ఆయా అందరికన్నా గట్టిగా అంది.

అయిదో నెలలో ఒక మంగళవారం, పదిన్నరప్పుడు, బాలింత చేతికి సూది దిగింది.

ఆ కేక యంత్రాల హోరులో ఎవరికీ వినపడలేదు. సైరనమ్మ తలెత్తేసరికి ఆ పిల్ల చేతితొడుగు లాగేసి, వేలు పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడి ఉంది. బల్ల మీద దుప్పటి అంచున మూడో అంతస్తు నంబరు కుట్టి ఉంది. సూది ఏ రోగిదో చెప్పగలిగిన వాళ్లు లేరు. డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఇరవై ఎనిమిది రోజులు మందులు మింగాలి, మూడు నెలల్లో మూడుసార్లు రక్తపరీక్ష చేయించుకోవాలి. అంతదాకా బిడ్డకు పాలివ్వకూడదు.

పదకొండు గంటలకు వాళ్లమ్మ పాపను తీసుకుని వెనక గేటు దగ్గరికి వచ్చింది. బాలింత గేటుకు ఇవతలే ఆగిపోయింది. ఊచల మధ్య నుంచి పాప చేతులు చాపుతుంటే, "ఇవాళ్టి నుంచి డబ్బాపాలు పట్టమ్మా," అని చెప్పి, తల్లి ఏమడుగుతున్నా వినకుండా వెనక్కి తిరిగింది. తోడు వెళ్లిన సైరనమ్మ భుజం మీద చేయి వేయబోయింది. ఆ పిల్ల భుజం తప్పించుకుంది.

మర్నాడు పని మొదలయ్యే ముందు, యంత్రాలు ఇంకా తిరగక ముందు, అందరూ ఉండగానే బాలింత అడిగేసింది. గొంతు పెంచలేదు.

"మీకు నోరున్నన్నాళ్లు నా చేతికి ఏమీ కాలేదు. మీరు మంచివాళ్లవడానికి నోరు మూసుకున్నారు. సూది నాకు దిగింది. మీ సాక్ష్యంలో ఇది కూడా చెప్తారా?"

పిన్నీ లేదు, నువ్వు లేదు. మీరు. ఆ రోజు సైరనమ్మ ముందు గుట్టగా తువ్వాళ్లున్నాయి. ఒక్కటీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఎవరూ ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె కూర్చుంటే బెంచి మీద రెండో కొన ఖాళీ అయ్యేది. రోలర్ల దగ్గర ఆమెకు ఎదురుగా దుప్పటి కొసలు పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. సూపర్‌వైజరు గదిలోకి పిలిచి, తను భక్తికి అడ్డం చెప్పననీ, ప్రార్థన ఆమె సొంత విషయమనీ, ఈ గదికి మాత్రం తన పాత సైరన్ కావాలనీ చెప్పాడు. అందరి ఎదుటా ఆయా మీద ఒక్కసారి విరుచుకుపడితే, వాళ్లకూ కడుపు చల్లబడుతుంది, ఆమెకూ పరువు దక్కుతుందన్నాడు.

ఆమెకు గొంతు దురద పెట్టని మాట కాదు. ఆ మధ్యాహ్నమే మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకు ఒక్కో మాట పాత రోజుల్లో లాగే వచ్చి నోట్లో వరస కట్టింది. మూడో అంతస్తు తలుపు దగ్గరికి వెళ్లేసరికి భర్త పడుకున్న మంచం కనిపించింది. దాని మీద ఇప్పుడెవరో కుర్రవాడు, కాలికి కట్టుతో, కళ్లు మూసుకుని ఉన్నాడు. నర్సు పక్కనే నిలబడి సెలైను చుక్కలు చూస్తోంది. సైరనమ్మ తలుపు చెక్క పట్టుకుని కాసేపు నిలబడింది. నోట్లో ఉన్నదంతా మింగుకుని దిగి వచ్చేసింది. దిగుతున్నప్పుడు తాను మంచిపని చేసిందో, పిరికితనంతో చేసిందో ఆమెకే తెలియలేదు.

చేసేదేమీ తోచక, వేరుచేసే బల్ల దగ్గరి పని తానే తీసుకుంది. బాలింతను మడతల వైపు పంపించమని సూపర్‌వైజరును అడిగి ఒప్పించింది. రెండేసి చేతితొడుగులు వేసుకుని, ప్రతి సంచీ తానే విప్పేది. ఆ వారంలో ఒక బ్లేడు, రెండు సూదులు దొరికాయి. ఎవరినీ ఏమీ అనకుండా వాటిని డబ్బాలో పడేసింది. మనసు మళ్లీ నెమ్మదించింది. కిటికీ దగ్గర ఆయా, "ఇప్పుడు నువ్వు నిజంగా ప్రభువు బిడ్డవి," అని మెచ్చుకుంది. ఆదివారం సంఘంలో నలుగురికీ చెప్పింది కూడా.

ఆ ఆదివారమే, అందరూ వెళ్లిపోయాక, కుర్చీలు సర్దుతున్న పాస్టరమ్మకు సైరనమ్మ జరిగిందంతా చెప్పింది. తాను ఆ ముళ్లన్నీ మోస్తున్నాననీ, ఇక ఎవరికీ ఏమీ కాదనీ అంది. పాస్టరమ్మ చేతిలో కుర్చీ కిందపెట్టింది.

"ఇవాళ నువ్విక్కడున్నావు. ఆ సంచిలో చేయి పెడుతున్నది ఎవరు?"

ఆదివారాల్లో వేరుచేసే బల్ల దగ్గర ఎవరుంటారో సైరనమ్మకు బాగా తెలుసు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. పాస్టరమ్మ మళ్లీ కుర్చీలు సర్దుకుంది. ఇంటికి నడుస్తుంటే సైరనమ్మకు ఒక్కొక్కటే తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ తన నెమ్మదిని తెల్లచీర కుచ్చెళ్లలా పైకెత్తి పట్టుకుని, మరక పడకుండా నడిచింది. బురదలో నడిచింది మాత్రం పక్కవాళ్లు.

సోమవారం పొద్దున్న మూడో అంతస్తు ఆయా మూడు సంచులు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది.

"దులిపారా అక్కా?" అని అడిగింది సైరనమ్మ.

"దులిపానమ్మా."

"అయితే ఇక్కడ ఒకసారి విప్పి చూపించండి."

"నేనబద్ధం చెప్తున్నానా? సంఘంలో పక్కపక్కన కూర్చునే మనుషులం."

"విప్పండి."

ఆయా విప్పలేదు. సైరనమ్మ సంచులను లోపలికి లాగలేదు. వెనక్కి వెళ్లి, ఉతికిన దుప్పట్లు లెక్కపెట్టి, వార్డుకు కావాల్సినన్ని తెచ్చి గట్టు మీద పెట్టింది. మాసినవి ఇవ్వకుండా ఉతికినవి ఇవ్వడం ఆ ఆసుపత్రిలో ఎన్నడూ లేదు. "రోగులకు ఇవి పట్టుకెళ్లండి. ఆ సంచులు కూడా మీరే పట్టుకెళ్లండి," అని చెప్పి, సగం తలుపు మూసేసింది.

మర్నాడూ అంతే. ఆయా అరిచింది, శపించింది, కిటికీ తలుపు మీద కొట్టింది. సైరనమ్మ ఉతికినవి ఇచ్చింది, మాసినవి ముట్టుకోలేదు. పైన స్నానాలగదిలో సంచులు పేరుకున్నాయి. ఎండలు ముదురుతున్న రోజులు. రెండో సాయంత్రానికే మూడో అంతస్తు మెట్లెక్కేవాళ్లు ముక్కు మూసుకోసాగారు. కింద అలమారాల్లో దుప్పట్లు తగ్గుతున్నాయి. ఇంకొక్క రోజు గడిస్తే మిగతా వార్డులకు ఇవ్వడానికి ఉండవు. సూపర్‌వైజరు వచ్చి మెమో ఇస్తానన్నాడు. ఇవ్వండి సార్ అంది. తోటివాళ్లు ఇదేం చోద్యమని చూశారు. ఒక్క అరుపు అరిస్తే తెమిలిపోయే దానికి ఇంత రాద్ధాంతమా అన్నారు.

బుధవారం పది గంటలకు మూడో అంతస్తు హెడ్ సిస్టరు స్వయంగా కిందికి దిగింది. వెనకే ఆయా, ఆయా వెనక తోపుడు బండి మీద తొమ్మిది సంచులు. ఆ వాసనకు రోలర్ల దగ్గరివాళ్లు కూడా పని ఆపి తిరిగి చూశారు.

హెడ్ సిస్టరు వస్తూనే విరుచుకుపడింది. ఇది ఆసుపత్రా, నీ ఇల్లా అంది. ముప్పై మంది రోగులున్న చోట రోగాలు అంటిస్తున్నావంది. ఉద్యోగం ఊడగొట్టిస్తానంది. భక్తి ముసుగులో కక్ష తీర్చుకుంటున్నావంది. అంతా అయ్యేదాకా సైరనమ్మ గట్టు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"మీరనేది నిజమే సిస్టర్. కాస్త కక్ష కూడా ఉంది," అంది. "అయినా విప్పకుండా తీసుకోను."

హెడ్ సిస్టరు ఒక్క క్షణం తడబడింది. అటువైపు నుంచి ఆయా అందుకుంది. "పోయినేడాది దాకా తిట్టేదానివి, పడేవాళ్లం. అక్కడితో అయిపోయేది. ఇదేం పద్ధతి? తిట్టి చావరాదూ!"

"తిడితే నాకు తీరిపోయేది అక్కా. మీకూ తీరిపోయేది. రెండ్రోజులు దులిపి మానేసేవాళ్లు, నేను మళ్లీ తిట్టేదాన్ని. ఇప్పుడు నాకు తీరలేదు. ఆ పిల్ల బిడ్డకు పాలు ఆగి నెలయింది. విప్పండి."

యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. చివరకు హెడ్ సిస్టరు ఆయా వైపు తిరిగి, దులుపు అంది. ఆయా మొదటి సంచీ బోర్లించి, ఒక్కో దుప్పటినీ రెండు కొసలు పట్టి దులపడం మొదలుపెట్టింది. తొమ్మిది సంచులకు గంటన్నర పట్టింది. ఆరు సంచుల్లో ఏమీ లేదు. ఏడో దాంట్లోంచి కత్తెర నేల మీద పడింది. హెడ్ సిస్టరు దాన్ని తీసి జేబులో వేసుకుని పైకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి కిటికీ దగ్గర సంచులు విప్పి దులపడమే రివాజైంది, మొదట మూడో అంతస్తుకు, తర్వాత అన్ని వార్డులకూ. దానికి సైరనమ్మను మెచ్చుకున్న వాళ్లెవరూ లేరు. మెమో వచ్చింది, ఫైల్లో చేరింది. పని పెరిగిందని ఆయాలందరూ ఏకమై ఆమెను దుమ్మెత్తిపోశారు. మూడో అంతస్తు ఆయా సంఘంలో ముందు బల్ల వదిలి, సైరనమ్మ ముఖం కనపడని చోటికి మారింది. ప్రతి పొద్దునా దుప్పట్లు దులుపుతున్నంతసేపూ వేషధారి అనీ, ముసలి పాము అనీ తిడుతూనే ఉండేది. సైరనమ్మ కిటికీకి ఇవతల నిలబడి, దుప్పట్ల మీదే కన్నుంచి, వినేది. కొన్ని రోజులు ఆ తిట్లు ఆమె లోపలికి దిగేవి కావు. కొన్ని రోజులు దిగేవి. దిగిన రోజున ఇంటికెళ్లి, దీపం పెట్టే వేళకు మోకాళ్ల మీద కూర్చుని, ప్రార్థనలో ఆయా పేరు చెప్పబోతే పళ్లు బిగుసుకుపోయేవి. అలాంటి రోజులు చివరిదాకా ఉన్నాయి.

బాలింత మూడో రక్తపరీక్షలో కూడా ఏమీ లేదని తేలింది. ఆ మాట సైరనమ్మకు ఎవరూ చెప్పలేదు, రోలర్ల దగ్గర చెప్పుకుంటుంటే విన్నది. తర్వాత వారం ఆ పిల్ల మందుల గిడ్డంగికి బదిలీ అడిగి వెళ్లిపోతోందని కూడా అలాగే తెలిసింది. ఈ మూడు నెలలూ సైరనమ్మ కొన్ని మాటలు కూర్చి పెట్టుకుంది. నన్ను క్షమించమ్మా అన్నది అందులో మొదటిది. సరైన సమయం కోసం చూస్తూ వచ్చింది.

వెళ్లిపోయే రోజు బాలింత తనంతట తానే బల్ల దగ్గరికి వచ్చింది.

"మీరు కిటికీ దగ్గర చేసింది చూశాను," అంది. "అది మంచిదే. కానీ మీ మీద నాకు కోపం పోలేదు. పోయిందని మీరు అనుకోకూడదని చెప్పి వెళ్తున్నా."

సైరనమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. కూర్చి పెట్టుకున్న మాటలన్నీ అక్కడే, నోటి దాకా వచ్చి ఉన్నాయి. అవి అంటే తన బరువు దిగుతుంది. దాన్ని మోసుకుంటూ మెట్లెక్కాల్సింది మాత్రం ఈ పిల్ల. క్షమించకపోతే ఆ పిల్లకు పాపంలా తోస్తుంది, క్షమించానంటే అబద్ధమవుతుంది.

"పాప ఎలా ఉంది?" అని అడిగింది.

"డబ్బాపాలకే అలవాటు పడింది. మళ్లీ నా దగ్గర తాగలేదు."

"చెప్పి వెళ్తున్నావు, మంచిదమ్మా," అంది సైరనమ్మ. "కోపం ఉండనీ. నేనేమీ అనుకోను."

బాలింత ఇంకేదో ఉంటుందన్నట్టు ఒక్క క్షణం ఆగింది. ఏమీ లేదని తెలిశాక తల ఊపి, సంచీ భుజాన వేసుకుని నడవలోకి వెళ్లింది. సైరనమ్మ చేతితొడుగులు తీసి పక్కన పెట్టి, ఆ పిల్ల అడుగుల చప్పుడు యంత్రాల హోరులో కలిసిపోయేదాకా నిలబడింది. వెనక్కి పిలవలేదు.